స్పెల్ మీది సరే, డైస్ ఎవరి చేతిలో ఉండాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పుకుంటాను. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 రూల్స్. మీది ఐదో లెవెల్ విజార్డ్, ఇంటెలిజెన్స్ 18, కాన్‌స్టిట్యూషన్ 14. ఐదు గాబ్లిన్ల మీద ఫైర్‌బాల్ వేశారు. షీట్‌లో ఇంటెలిజెన్స్ సేవింగ్ త్రో (సేవ్ అంటాం, మీద పడ్డదాన్ని తప్పించుకోవడానికో తట్టుకోవడానికో వేసే డైస్) పక్కన +7 ఉంది, స్పెల్ అటాక్ పక్కన కూడా +7 ఉంది, ఇంకో గడిలో 15 ఉంది. మీ డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) మిమ్మల్నే డి20 (ఇరవై ముఖాల డైస్) వేయమని, ఆ +7 కలిపి, ఒక్కో గాబ్లిన్ ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) దాటిందో లేదో చూశారు. మూడు పడ్డాయి, రెండింటికి తగల్లేదన్నారు. తర్వాత వచ్చిన ఓగర్ మీద రెండుసార్లు బ్లైండ్‌నెస్ వేస్తే రెండుసార్లూ తప్పించుకుంది. ఇందులో తప్పెక్కడ, ఓగర్ మీద ఏం వేసి ఉండాల్సింది, ఎనిమిదో లెవెల్‌కి ఇంటెలిజెన్స్ 20 చేయాలా లేక కాన్‌స్టిట్యూషన్ సేవ్ గట్టి చేసుకోవాలా అని అడిగారు.

ఫైర్‌బాల్‌కి మీరు డి20 ముట్టుకోవాల్సిన పనే లేదు. ఆ ఐదు గాబ్లిన్ల తరఫున మీ డీఎం ఐదు డి20లు వేయాలి. ఒక్కోదానికి గాబ్లిన్ డెక్స్‌టెరిటీ +2 కలిపి, మీ షీట్‌లో ఉన్న ఆ 15ని అందుకుందా లేదా చూడాలి. అందుకుంటే సగం డ్యామేజ్, అందుకోకపోతే మొత్తం. మీరు వేయాల్సింది ఎనిమిది డి6లు, అదీ అందరికీ కలిపి ఒక్కసారే. అంతే. ఆర్మర్ క్లాస్‌కి ఇక్కడ ప్రమేయమే లేదు.

మా టేబుల్‌లో కొత్తవాళ్ళకి నేను చెప్పే మాట ఒకటుంది: బాణం వేస్తే గురి మీది, దీపావళి బాంబు విసిరితే పరుగు ఎదుటివాళ్ళది. ఫైర్ బోల్ట్ బాణం లాంటిది. ఒకడిని చూసి గురిపెట్టి వదులుతారు, కాబట్టి డైస్ మీ చేతిలో ఉంటుంది, స్పెల్ అటాక్ +7 కలుపుతారు, ఆర్మర్ క్లాస్‌తో పోలుస్తారు. ఫైర్‌బాల్ బాంబు. అది పేలాల్సిన చోట పేలుతుంది, అందులో మీ నైపుణ్యానికి పరీక్ష లేదు, పక్కకి దూకగలిగాడా లేదా అన్నదే ప్రశ్న. దూకేది వాడు కాబట్టి డైస్ వాడిది. హిడియస్ లాఫ్టర్, హిప్నాటిక్ ప్యాటర్న్ లాంటి మనసు మీద పనిచేసే స్పెల్స్‌కీ ఇదే లెక్క, కాకపోతే దూకడం కాదు, తట్టుకోవడం. ఏ స్పెల్‌కి ఏదన్నది ఊహించనక్కర్లేదు, స్పెల్ వివరణలోనే రాసి ఉంటుంది. 'స్పెల్ అటాక్ చేయండి' అని ఉంటే డైస్ మీది. 'టార్గెట్ ఫలానా సేవింగ్ త్రో చేయాలి' అని ఉంటే వాడిది. రెండూ లేని మ్యాజిక్ మిసైల్ లాంటివి కొన్ని ఉంటాయి, మూడు బాణాలు, ఒక్కోటి డి4+1, ఎవరూ డి20 వేయరు, ఊరికే తగులుతాయి.

మీ డీఎం మీద కోపం తెచ్చుకోకండి, ఎందుకంటే ఇక్కడ షీటే మనిషిని తికమక పెడుతుంది. మీ ప్రొఫిషెన్సీ బోనస్ (మీకు బాగా వచ్చిన పనులకి కలిసే అంకె) ఐదో లెవెల్‌లో +3. ఇంటెలిజెన్స్ 18 అంటే మాడిఫయర్ +4 (స్కోరులోంచి 10 తీసేసి సగం చేసి, అర మిగిలితే కింది అంకెకి దించడమే). స్పెల్ అటాక్ అంటే 3+4, ఏడు. విజార్డ్‌కి ఇంటెలిజెన్స్ సేవ్‌లో ప్రొఫిషెన్సీ ఉంటుంది కాబట్టి అదీ 3+4, ఏడు. రెండు వేర్వేరు పనులకి అంకె ఒకటే అయ్యేసరికి అవి రెండూ ఒకటేనని అనిపిస్తుంది. విజార్డ్‌కే కాదు, క్లెరిక్, డ్రూయిడ్, బార్డ్, సోర్సరర్, వార్లాక్, పాలడిన్, అందరికీ వాళ్ళు మంత్రాలు వేసే ఎబిలిటీలోనే సేవ్ ప్రొఫిషెన్సీ కూడా ఉంది, అందుకే ఈ కాకతాళీయం దాదాపు ప్రతి టేబుల్‌లోనూ ఎదురవుతుంది. తేడా చూడాలంటే రేంజర్ షీట్ తెరవండి. విజ్డమ్‌తో మంత్రాలు వేస్తాడు, కానీ సేవ్ ప్రొఫిషెన్సీ మాత్రం స్ట్రెంగ్త్, డెక్స్‌టెరిటీల్లో. ఐదో లెవెల్ రేంజర్‌కి విజ్డమ్ 16 ఉంటే స్పెల్ అటాక్ +6, విజ్డమ్ సేవ్ +3 మాత్రమే. అప్పుడు గానీ అవి రెండు వేర్వేరు గడులని కళ్ళకి కనబడదు.

మరి మీ ఇంటెలిజెన్స్ సేవ్ +7 ఎప్పుడు వాడాలి అంటే, ఎవరైనా మీ బుర్ర మీద దాడి చేసినప్పుడు. మైండ్ ఫ్లేయర్ అనే జీవి మైండ్ బ్లాస్ట్ వదిలిందనుకోండి, డీసీ (సేవ్ పాస్ కావడానికి అందుకోవాల్సిన అంకె) 15, మీరు 8 వేస్తే చాలు. అంటే అది మీరు కొట్టేందుకు కాదు, కాచుకునేందుకు. మీ సేవ్ ప్రొఫిషెన్సీలు ఎంత పెరిగినా మీ ఫైర్‌బాల్‌కి ఒక్క పిసరు బలం రాదు. ఫైర్‌బాల్‌కి కావాల్సింది ఆ 15, అంటే మీ స్పెల్ డీసీ. అదెలా వచ్చిందంటే ఎనిమిది, ప్లస్ ప్రొఫిషెన్సీ 3, ప్లస్ ఇంటెలిజెన్స్ 4. అందరికీ ఆ ఎనిమిది మారదు, మిగతా రెండే మారతాయి. ఇంకో చిన్న సంగతి, స్పెల్‌ని పెద్ద స్లాట్‌లో (స్పెల్ వేసినప్పుడల్లా ఒకటి ఖర్చయ్యే వంతు) వేసినా డీసీ పెరగదు. ఐదో లెవెల్ స్లాట్‌లో ఫైర్‌బాల్ వేస్తే డి6లు పది అవుతాయి, తప్పించుకోవడానికి కావాల్సింది మాత్రం అంతే. పాత ఆటగాళ్ళు కొందరు దీనికి ఒప్పుకోరు, వాళ్ళ తప్పేం లేదు, 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో డీసీ అంటే పది ప్లస్ స్పెల్ లెవెల్ ప్లస్ ఎబిలిటీ మాడిఫయర్. అప్పట్లో పెద్ద స్పెల్‌ని తప్పించుకోవడం నిజంగానే కష్టం.

ఇప్పుడు మీ గాబ్లిన్ల లెక్క. 2014 గాబ్లిన్‌కి 7 హిట్ పాయింట్లు, అంటే ప్రాణం అంతే. 15 అందుకోవాలంటే +2తో డైస్ మీద 13 రావాలి, అంటే 40 శాతం. సరే తప్పించుకుందనే అనుకోండి, ఎనిమిది డి6ల సగటు 28, అందులో సగం 14. ఏడు పాయింట్ల గాబ్లిన్ ఎక్కడ బతుకుతుంది? ఎనిమిది డి6లు కలిపి 13కి మించకుండా పడితే బతకొచ్చు, అది నేను ఇన్నేళ్ళలో చూడలేదు. నిలబడ్డ ఆ రెండు గాబ్లిన్లు నిజానికి మీకు బాకీ. బండి చాటునో గోడ చాటునో దాక్కుని ఉంటే పేలుడు మధ్య నుంచి చూసినప్పుడు సగం మరుగుకి డెక్స్ సేవ్‌కి +2, ముప్పావు మరుగుకి +5 కలుస్తాయి, కానీ దాంతో సగం డ్యామేజ్ తప్పదు కదా.

నేనూ తక్కువ తినలేదు. తొమ్మిదేళ్ళుగా డీఎంగా కూర్చుంటున్నాను, శనివారం రాత్రి వీడియో కాల్‌లో, సగం మంది హైదరాబాద్, సగం మంది డల్లాస్, మాకు నిద్ర ముంచుకొచ్చే టైమ్‌కి వాళ్ళింకా మధ్యాహ్నం భోజనం కూడా చేసి ఉండరు. మొదటి ఆరు నెలలు ప్రతి రాక్షసుడి ప్రతి సేవ్‌కీ ప్రొఫిషెన్సీ కలిపేశాను. వాడు పెద్దవాడు కదా, ప్రొఫిషెన్సీ ఉండదా అనుకున్నా. మా క్లెరిక్ ఆడే అమ్మాయి పాపం వరసగా నాలుగు సెషన్లు ఏ స్పెల్ వేసినా ఫెయిలే. ఒకరోజు 'నేను ఇక గద పట్టుకుని కొడతా, మంత్రాలు మానేశా' అంది. అప్పుడు పుస్తకం మళ్ళీ చదివాను. రాక్షసుల వివరాల్లో సేవింగ్ త్రోస్ అని విడిగా ఒక లైన్ ఉంటేనే అందులో చెప్పిన వాటికి ఆ అంకె, ఆ లైన్ లేకపోతే ఉత్త మాడిఫయర్. ఓగర్‌కి ఆ లైనే లేదు. మీ డీఎం కూడా ఇది ఒకసారి చూసుకోమనండి, ఎందుకంటే చాలామంది ఇక్కడే జారతారు.

ఓగర్ దగ్గరికి వచ్చాం కాబట్టి అసలు విషయం ఇక్కడే మాట్లాడదాం. డీసీ ఎలా లెక్కపెట్టాలన్నది పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మంత్రగాడిగా బాగా ఆడటం అంటే ఎదుటివాడి ఏ సేవ్ బలహీనమో కనిపెట్టి, దాన్ని అడిగే స్పెల్ ఎంచుకోవడం. ఓగర్‌కి స్ట్రెంగ్త్ 19, కాన్‌స్టిట్యూషన్ 16. డెక్స్ 8, విజ్డమ్ 7, ఇంటెలిజెన్స్ 5. మీరు వేసిన బ్లైండ్‌నెస్ కాన్‌స్టిట్యూషన్ సేవ్ అడుగుతుంది. ఓగర్‌కి అక్కడ +3, డైస్ మీద 12 వస్తే తప్పించుకుంటుంది, అంటే 45 శాతం. వరసగా రెండుసార్లు తప్పించుకోవడం ఐదింట ఒకసారి జరిగేదే, మీ డీఎం మోసమేం చేయలేదు. అదే మీరు మొదటి లెవెల్ స్పెల్ హిడియస్ లాఫ్టర్ వేసి ఉంటే అది విజ్డమ్ సేవ్. ఓగర్‌కి -2. డైస్ మీద 17 రావాలి. అంటే 80 శాతం మీదే గెలుపు, అదీ రెండో లెవెల్ స్లాట్ ఖర్చు లేకుండా. ఇంటెలిజెన్స్ 4, అంతకన్నా తక్కువ ఉన్నవాటి మీద ఆ స్పెల్ పనిచేయదు, ఓగర్‌కి 5, ఒక్క పాయింట్‌తో మనకి దొరికిపోయింది. జోకు అర్థమయ్యేంత తెలివి మాత్రమే ఉన్నవాడన్నమాట.

అది వేశాక మీ పార్టీని కాస్త ఆపగలగాలి. ఓగర్ ప్రతి టర్న్ చివర మళ్ళీ సేవ్ చేస్తుంది, ఇది కాక ఎవరైనా కొట్టిన ప్రతిసారీ అడ్వాంటేజ్‌తో అదనంగా ఇంకోటి చేస్తుంది. రెండు డైస్‌ల్లో మంచిది తీసుకుంటే తప్పించుకునే అవకాశం 20 నుంచి 36 శాతానికి వెళ్తుంది. ఓగర్ కింద పడి నవ్వుతుంటే మీ రోగ్ ఒక్క పెద్ద పోటు పొడవడం మంచిది, నలుగురూ చుట్టూ చేరి తలో చిన్న దెబ్బ వేయడం తెలివితక్కువ. అందరూ ముందు మిగతా శత్రువుల పని చూసి, ఆఖరున ఓగర్ మీదికి రావడం ఇంకా మంచిది. హోల్డ్ పర్సన్ వేద్దామనుకుని ఉంటారేమో, అది హ్యూమనాయిడ్ల మీదే పనిచేస్తుంది, ఓగర్ జెయింట్ కిందికి వస్తుంది, స్లాట్ దండగ.

రాక్షసుల పుస్తకం చూడకుండా బలహీనత ఎలా తెలుస్తుంది? ఆటగాళ్ళు చూడకూడదు కూడా. కళ్ళతో చూసి ఊహించొచ్చు. పెద్ద శరీరం, మోటు నడక ఉన్నవాడికి కాన్‌స్టిట్యూషన్ గట్టిగా ఉంటుంది, డెక్స్ ఉండదు. సన్నగా, చీకట్లో గెంతేవాడికి డెక్స్ ఉంటుంది, వాడి మీద ఫైర్‌బాల్ కన్నా మనసు మీద పనిచేసేది నయం. జంతువుల్లాంటి వాటికి ఇంటెలిజెన్స్ దాదాపు సున్నా. పూజారులకి, ముసలి మంత్రగాళ్ళకి విజ్డమ్ జోలికి పోవద్దు, వాళ్ళని వెబ్‌లో ఇరికించండి, అది డెక్స్ సేవ్. వెబ్‌లో ఒక మెలిక ఉంది, ఇరుక్కున్నాక బయటపడటానికి చేసేది స్ట్రెంగ్త్ చెక్, సేవ్ కాదు, డీసీ మీదే అయినా సరే. సేవ్‌లకి బలమిచ్చే బ్లెస్ లాంటివి చెక్‌కి కలవవు. ఈ తేడా గుర్తుంటే నాలుగైదు గొడవలు తప్పుతాయి.

పెద్ద విలన్ల దగ్గర ఈ తెలివి కూడా ఒక్కోసారి చాలదు. అడల్ట్ రెడ్ డ్రాగన్ లాంటివాటికి లెజెండరీ రెసిస్టెన్స్ రోజుకి మూడుసార్లు ఉంటుంది, సేవ్ ఫెయిలైనా 'లేదు, పాస్ అయ్యాను' అనొచ్చు. చాలామంది దీనికి చిరాకు పడతారు, నాకు మాత్రం ఇష్టం, ఎందుకంటే అదే లేకపోతే గంటన్నర బిల్డప్ ఇచ్చిన డ్రాగన్ మొదటి రౌండ్‌లోనే ఒక్క ఫెయిల్‌తో బొమ్మలా నిలబడిపోతుంది. అక్కడ ముందు చిన్న స్పెల్స్‌తో ఆ మూడూ ఖర్చు చేయించి తర్వాత పెద్దది తీయాలి, లేదా సేవ్ అడగని పనులు చేయాలి, మీ ఫైటర్‌కి వేగం పెంచే హేస్ట్ ఇవ్వడం లాంటివి.

మీరు అడగలేదు కానీ అందరూ అడుగుతారు కాబట్టి: సేవ్‌లో 20 పడితే ఆటోమేటిక్ పాస్ కాదు. అటాక్‌కే ఆ రూల్. అడల్ట్ రెడ్ డ్రాగన్ నిప్పు ఊదితే డీసీ 21, డెక్స్ 10 ఉన్న మనిషి 20 వేసినా ఫెయిలే. నా టేబుల్‌లో 20 పడితే పాస్ అనే హౌస్ రూల్ పెట్టుకున్నాం, 20 పడ్డాక మనిషి మొహంలో వెలుగు చూసి కూడా కాదనలేం. కానీ అది హౌస్ రూల్ అని అందరికీ తెలిసి ఉండాలి.

ఈ సేవ్‌ల చరిత్ర తెలిస్తే కొన్ని విషయాలు ఇంకా తేలిగ్గా అర్థమవుతాయి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చినప్పుడు సేవింగ్ త్రో అంటే టార్గెట్ క్లాస్, లెవెల్ బట్టి పట్టికలో చూసుకునే అంకె. విషానికి ఒకటి, డ్రాగన్ ఊపిరికి ఒకటి, రాయిగా మారిపోవడానికి ఒకటి, ఇలా. మంత్రం వేసినవాడు ఎంత తెలివైనవాడన్నది ఆ పట్టికకి సంబంధం లేదు. లెవెల్ పెరిగిన ఫైటర్ దాదాపు దేన్నైనా తట్టుకునేవాడు. మూడో ఎడిషన్ వాటిని ఫోర్టిట్యూడ్, రిఫ్లెక్స్, విల్ అని మూడుకి కుదించింది. 2008లో నాలుగో ఎడిషన్ మొత్తం తిరగేసి, ఫైర్‌బాల్‌కైనా దాడి చేసేవాడే డైస్ వేయాలంది. మీ డీఎం చేసింది దీనికి కొంచెం దగ్గరగా ఉంది, ఆయన ఆ రోజుల్లో ఆడిన మనిషేమో అడిగి చూడండి. 2014 ఐదో ఎడిషన్ డైస్‌ని మళ్ళీ టార్గెట్‌కి ఇచ్చి, ఆరు ఎబిలిటీలకీ ఆరు సేవ్‌లు పెట్టింది.

దీని ఫలితం ఒకటి నాకు నచ్చదు. ప్రొఫిషెన్సీ లేని సేవ్ లెవెల్‌తో పెరగదు. ఇంటెలిజెన్స్ 8 ఉన్న ఫైటర్ ఐదో లెవెల్‌లో మైండ్ ఫ్లేయర్ ఎదురుగా 25 శాతం తట్టుకుంటాడు, ఇరవయ్యో లెవెల్ వచ్చాక కూడా అదే 25 శాతం. శత్రువుల డీసీలు మాత్రం పెరుగుతూ పోతాయి. అంటే వీరుడు పెద్దవాడయ్యే కొద్దీ ఆ ఒక్క చోట ఇంకా బలహీనుడవుతాడు.

2024 రూల్స్‌కి మారితే మూలసూత్రం ఇదే, కొన్ని స్పెల్స్ మాత్రం సేవ్ వైపు జరిగాయి. స్లీప్ ఇదివరకు సేవ్ లేకుండా డైస్ వేసి హిట్ పాయింట్లు లెక్కపెట్టేది, ఇప్పుడు విజ్డమ్ సేవ్. కౌంటర్‌స్పెల్ ఇప్పుడు అవతలి మంత్రగాడి కాన్‌స్టిట్యూషన్ సేవ్.

ఇక మీ ఆఖరి ప్రశ్న, ఎనిమిదో లెవెల్. ఇంటెలిజెన్స్ 20 చేస్తే డీసీ 15 నుంచి 16 అవుతుంది. ప్రతి సేవ్ స్పెల్ మీద మీకు 5 శాతం లాభం, అటాక్‌కి కూడా అంతే. కాన్‌స్టిట్యూషన్ వైపు చూస్తే, మీరు కాన్సంట్రేషన్ స్పెల్ (ధ్యాస చెదిరితే తెగిపోయేది) పట్టుకుని ఉండగా దెబ్బ తగిలితే డీసీ 10 లేదా డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. మీ కాన్ 14, అంటే +2, డీసీ 10కి 65 శాతం నిలబడతారు. ఒక రౌండ్‌లో మూడు దెబ్బలు తగిలితే మూడూ తట్టుకునే అవకాశం 27 శాతమే. ఇంటెలిజెన్స్ పెంచే బదులు రెసిలియెంట్ అనే ఫీట్ (ప్రత్యేక సామర్థ్యం) తీసుకుని కాన్ ప్రొఫిషెన్సీ తెచ్చుకుంటే ఒక్కో దెబ్బకి 80 శాతం, మూడింటికి కలిపి 51. వార్ క్యాస్టర్ అనే ఫీట్ అయితే అడ్వాంటేజ్ వల్ల ఒక్కోదానికి 88 శాతం దాకా వెళ్తుంది, కానీ అది కాన్సంట్రేషన్‌కే పనికొస్తుంది, విషం తాగినప్పుడో ఘూల్ గోళ్ళు గీరినప్పుడో కాదు. రెసిలియెంట్ అన్నింటికీ పనికొస్తుంది, పైగా ప్రొఫిషెన్సీతో పాటు పెరుగుతుంది.

మీ స్పెల్ లిస్టులో హేస్ట్, వెబ్, హిప్నాటిక్ ప్యాటర్న్ ఉన్నాయని రాశారు, మూడూ కాన్సంట్రేషనే. హేస్ట్ మధ్యలో తెగిపోతే మీ ఫైటర్ తన తర్వాతి టర్న్ అయ్యేదాకా కదలడు, ఏమీ చేయడు, అది ఊరికే స్పెల్ పోవడం కాదు, ఎదురు దెబ్బ. కాబట్టి మామూలుగా అయితే రెసిలియెంట్ ముందు, ఇంటెలిజెన్స్ పన్నెండో లెవెల్‌కి అనేవాణ్ణి.

కానీ మీ టేబుల్‌లో కరిజ్మా 16 ఉన్న పాలడిన్ ఉన్నాడన్నారు. ఆరో లెవెల్ నుంచి అతనికి 10 అడుగుల లోపల నిలబడ్డ అందరి సేవ్‌లకీ అతని కరిజ్మా మాడిఫయర్ కలుస్తుంది. అంటే మీకు ఊరికే +3, రెసిలియెంట్ ఆ లెవెల్‌లో ఇచ్చేదీ అంతే, అదీ ఒక్క కాన్‌స్టిట్యూషన్‌కి కాదు, ఆరింటికీ. అతని పక్కన నిలబడే అలవాటు చేసుకోగలిగితే ఇంటెలిజెన్స్ 20కే వెళ్ళండి. ఒక్కటే జాగ్రత్త, ఫైర్‌బాల్ వ్యాసార్ధం 20 అడుగులు, మీరిద్దరూ 10 అడుగుల్లో నిలబడ్డారని అవతలి మంత్రగాడికీ కనిపిస్తుంది.